ఏం పని మీద వచ్చారు?

మన పల్లెల్లో కొత్త మొహం కనిపిస్తే అరుగు మీది పెద్దాయన రెండు ప్రశ్నలు వేస్తాడు. ఎవరి తాలూకు? ఏం పని మీద వచ్చారు? వాటికి జవాబు చెప్పాకే మంచినీళ్ళు, మాటామంతీ. పరాయి చోటును ప్రేమించి రాసిన పుస్తకాలు చదివేటప్పుడు నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఆ రెండో ప్రశ్నే.

ఇలాంటి పుస్తకాల మీద చర్చ ఎప్పుడూ రెండు పక్షాలుగా చీలిపోతుంది. బయటివాడికి ఏం తెలుసని రాశాడు అంటుంది ఒక పక్షం. ఊళ్ళోవాడికి అలవాటైపోయి కనిపించనిది బయటివాడి కంటికే కనిపిస్తుంది అంటుంది రెండోది. రెండింట్లోనూ నిజముంది. కానీ వాటితో ఎక్కువ దూరం పోలేం. ఇంచుమించు ఒకే కాలంలో, అంతే ఇష్టంతో రాసిన రెండు పుస్తకాల్లో ఒకటి చదివినవాళ్ళను కదిలించి నిలిచిపోతుంది, ఇంకొకటి ఆ గడ్డ మీద పుట్టినవాడి కడుపు మండిస్తుంది. ప్రేమ ఎక్కువ తక్కువలతో ఈ తేడా తేలదు. తాను ఎందుకు వచ్చాడో, ఎవరి జీతం తింటున్నాడో, ఎవరి నేల మీద నిలబడి మాట్లాడుతున్నాడో రచయిత చెప్పాడా, దాటేశాడా అన్నచోట తేలుతుందని నా నమ్మకం.

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ 'ఆరణ్యక్'తో మొదలుపెడతాను. 1939లో పుస్తకంగా వచ్చిన ఈ బెంగాలీ నవలను సూరంపూడి సీతారాం 'వనవాసి'గా తెలుగులోకి తెచ్చారు. దానికి ప్రాణం పెట్టే పాఠకులు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. కథ చెప్పే సత్యచరణ్ కలకత్తాలో ఉద్యోగం దొరకని పట్టభద్రుడు. స్నేహితుడి కుటుంబానికి బీహార్‌లో ఉన్న వేల బిఘాల అడవికి మేనేజరుగా వెళ్తాడు. పనేమిటి? ఆ అడవిని కొట్టించి, ముక్కలు చేసి, రైతులకు శిస్తు మీద ఇవ్వడం. మొదట్లో ఆ నిశ్శబ్దంలో అతనికి ఊపిరాడదు, కలకత్తా మీద బెంగ పెట్టుకుంటాడు. మెల్లగా అడవి అతన్ని పట్టేస్తుంది. పట్టేశాక కూడా ఉద్యోగం మానడు. ఏ అడవిని చూసి ఒళ్ళు మరిచిపోతున్నాడో, ఆ అడవినే పగలంతా కచేరీలో కూర్చుని కాగితాల మీద పంచిపెడుతుంటాడు. ఈ ముడి విప్పడానికి రచయిత ఎక్కడా ప్రయత్నించడు. బిభూతిభూషణ్ కూడా 1920లలో భాగల్పూర్ ప్రాంతంలో ఒక జమీందారీ ఎస్టేటు వ్యవహారాలు చూశారు. ఆ బరువు ఆయనకు తెలుసు.

ఈ నవలను అడవి వర్ణనల కోసం మెచ్చుకునేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం అందులోని మనుషులే ముందు గుర్తొస్తారు. శిస్తు వసూళ్ళు మొదలయ్యే పుణ్యాహం రోజున కచేరీ ముంగిట్లో వానలో తడుస్తూ కూర్చుని చీనా గింజలు, బెల్లం, పుల్లపెరుగు తిని సంతోషపడిపోయే పేదలు. అన్నం మెతుకు దొరకడమే వాళ్ళకు పండగ. ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు, తీగలు మోసుకొచ్చి సరస్వతీ కుండం ఒడ్డున నాటే యుగళప్రసాద్. ఆ నేల తనది కాదు, ఆ పూలు ఎవరు చూస్తారో తెలియదు, ఎవరి మెప్పూ అక్కర్లేదు. అడవిదున్నల దేవుడు టాండ్‌బారో సంగతి మరీ చూడండి. వేటగాళ్ళు తవ్విన గోతుల వైపు మంద పరుగెడుతుంటే ఆ దేవుడు చెయ్యెత్తి అడ్డం నిలబడతాడని అడవి మనుషుల నమ్మకం. చాలా కాలం తర్వాత కలకత్తా వీధిలో బండి లాగే దున్నను బండివాడు బాదుతుంటే చూసిన సత్యచరణ్‌కు ఆ దేవుడే గుర్తొస్తాడు. అడవి అతనికి ఏమిచ్చిందో ఆ ఒక్క చోట తెలిసిపోతుంది. ఇన్నాళ్ళూ తెలియని జాలి ఒకటి అతని ఒంట్లో చేరింది.

ఇంకోచోట ఆదివాసీ రాజు ముని మనుమరాలు భానుమతిని భారతవర్షం పేరు విన్నావా అని అడుగుతాడు. ఆమె వినలేదు, అది ఏ దిక్కున ఉందని ఎదురు అడుగుతుంది. చదువుకున్న బెంగాలీకి పెద్దదిగా తోచిన దేశం ఆ అమ్మాయి ముంగిట ఒక పేరుగా మిగిలిపోతుంది. రాజ్యం పోయిన రాజు పశువులు కాసుకుంటున్న ఆ కొండ దగ్గర బయటివాడి దేశభక్తి కూడా బయటిదే. బిభూతిభూషణ్ ఆ అమ్మాయికి జవాబు చెప్పించి పాఠం నేర్పడు, ఆమె అడిగిన ప్రశ్నను అలాగే ఉంచేస్తాడు. ఆరేళ్ళలో అడవి పోతుంది, ఊళ్ళు లేస్తాయి. వెళ్ళిపోతూ సత్యచరణ్ ఆ వనదేవతలను క్షమాపణ వేడుకుంటాడు. తన చేతులు ఇంత తేటగా చూపించిన బయటివాడు నాకు ఇంకే సాహిత్యంలోనూ తారసపడలేదు.

ఇంచుమించు అదే రోజుల్లో, 1937లో, డెన్మార్క్ రచయిత్రి కారెన్ బ్లిక్సెన్ 'ఔట్ ఆఫ్ ఆఫ్రికా' వచ్చింది. ఆమె 1914లో కెన్యా వెళ్ళి, నైరోబీ దగ్గర ఎన్‌గాంగ్ కొండల కింద ఆరు వేల ఎకరాల ఎస్టేటులో కాఫీ పండించింది. ఆ ఎత్తు కాఫీకి నప్పలేదు. అప్పులు పెరిగి 1931లో అమ్ముకుని వెళ్ళిపోయింది. ఆ కొండగాలి, ఆ వెలుగు గురించి ఆమె రాసిన పేజీలు చదివితే ఎవరికైనా అక్కడికి వెళ్ళాలనిపిస్తుంది. వెళ్ళిపోయే ముందు తన ఎస్టేటులో బతికే కికుయు కుటుంబాలు చెల్లాచెదురు కాకుండా అందరికీ ఒకేచోట భూమి ఇమ్మని ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి సాధించింది కూడా. ఆమె ప్రేమ నటన అనడానికి వీల్లేదు.

అయినా కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఆ పుస్తకాన్ని ఆఫ్రికా మీద వచ్చిన అతి ప్రమాదకరమైన పుస్తకాల్లో ఒకటిగా లెక్కవేశాడు. గూగీ ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడే, 1938లో, అదే కెన్యాలోని లిమూరులో పుట్టాడు. తెల్లవాళ్ళ ఎస్టేట్ల కింద సొంత నేల పోగొట్టుకున్న కికుయుల బిడ్డ. 1980లో కోపెన్‌హాగన్‌లోనే, అంటే బ్లిక్సెన్ సొంత దేశంలోనే, ఆయన ఈ విమర్శ చేశాడు. వంటవాణ్ణి, నౌకర్లను జంతువులతో పోల్చిన తీరును ఎత్తిచూపాడు. ద్వేషంతో రాసినదాన్ని సులువుగా పక్కన పెట్టేయవచ్చు, ప్రేమ పేరుతో వచ్చిన చిన్నచూపు చదివేవాడికి తెలియకుండానే అంటుకుంటుందన్నది ఆయన బాధ. నేను గూగీ పక్షమే. అలాగని బ్లిక్సెన్‌కు ఆ ఆలోచన అసలు తట్టలేదనడం న్యాయం కాదు. కికుయుల లెక్కలో తానే వాళ్ళ నేల మీద కాస్త పైతరగతి ఆక్రమణదారేమోనని ఒకచోట అంటుంది. అని, ఆ వాక్యాన్ని దాటేసి ముందుకు వెళ్ళిపోతుంది. బిభూతిభూషణ్‌కు నవల మొత్తమైన సంగతి ఆమెకు ఒక్క వాక్యంతో సరిపోయింది. ఆరు వేల ఎకరాలు తన చేతికి ఎలా వచ్చాయన్న ప్రశ్న ఆ ఒక్క వాక్యంలో పట్టదు.

నేల కొనుక్కున్నవాళ్ళంతా ఇలాగే రాశారని కాదు. ఆర్.ఎల్. స్టీవెన్‌సన్ ఆరోగ్యం కోసం సమోవా దీవులు చేరి, వైలిమా దగ్గర మూడొందల ఎకరాలకు పైగా కొన్నాడు. అక్కడ జర్మనీ, బ్రిటన్, అమెరికా అధికారులు ఆడుతున్న ఆటను 1892లో 'ఎ ఫుట్‌నోట్ టు హిస్టరీ'లో పేర్లతో సహా రాశాడు. ఆ పుస్తకంలో సముద్రపు ఒడ్డు అందాలు తక్కువ, ఎవరు ఎవరిని మోసం చేశారన్న వివరం ఎక్కువ. జైలుపాలైన సమోవా నాయకులకు అండగా నిలిచాడు. విడుదలయ్యాక 1894లో వాళ్ళే వచ్చి ఆయన ఇంటికి దారి వేశారు. అదే ఏడు డిసెంబరులో ఆయన పోతే, కొండ మీదికి మోసుకెళ్ళి సమాధి చేశారు.

జపాన్‌ను ప్రేమించిన లాఫ్కాడియో హెర్న్ కథలో ఏం పని మీద వచ్చారన్న ప్రశ్నకు జవాబు ఇంట్లోనే దొరుకుతుంది. గ్రీకు దీవిలో పుట్టి, డబ్లిన్‌లో పెరిగి, అమెరికాలో పత్రికా రచయితగా బతికిన హెర్న్ 1890లో ఒక పత్రిక పని మీద యోకోహామాలో దిగాడు. ఆ పని త్వరలోనే బెడిసింది. మాత్సుయే పట్నంలో ఇంగ్లీషు పంతులుగా చేరాడు. అక్కడ చితికిపోయిన ఒక సమురాయ్ కుటుంబపు ఆడపడుచు కొయిజుమి సెత్సును పెళ్ళాడాడు. 1896లో జపాన్ పౌరుడై కొయిజుమి యాకుమో అయ్యాడు. భార్యాబిడ్డలకు చట్టప్రకారం హక్కులుండాలన్నదే దానికి ముఖ్య కారణం.

1904లో వచ్చిన 'క్వాయిదాన్' దయ్యాల కథలు ఎక్కడివి? హెర్న్‌కు జపనీస్ చదవడం సరిగా రాదు. సెత్సు పాత పుస్తకాలు వెతికి కొనేది, రాత్రిపూట దీపం తగ్గించి కథ చెప్పేది. పుస్తకం చూసి చదివితే ఆయన ఒప్పుకునేవాడు కాదు, ఆమె మాటల్లోనే చెప్పాలి. చెప్పిందే మళ్ళీ చెప్పించుకునేవాడు. ఆ వాకిట్లో అడుగుల చప్పుడు ఎలా వినిపించి ఉంటుంది, ఆ మనిషి ఆ మాట ఏ గొంతుతో అని ఉంటాడు అని గుచ్చిగుచ్చి అడిగేవాడు. ఇద్దరి మధ్య నడిచింది విభక్తులు రాలిపోయిన, వాళ్ళిద్దరికే అర్థమయ్యే ఒక జపనీస్. ఇదంతా భర్త పోయాక సెత్సు చెప్పిన జ్ఞాపకాల వల్లే లోకానికి తెలిసింది. జపాన్‌లో నేటికీ పిల్లలు చదివే ఆ కథల మీద ఒక్క పేరే ఉన్నా, పని ఇద్దరిది. దూరదేశపు ప్రేమ పుస్తకాలు చాలావాటి వెనక ఇలా ఒక ఇంటి మనిషో, దుబాసీయో, వంటవాడో ఉంటారు. వాళ్ళ పాలు ఎంతో తేల్చకుండా ఆ పుస్తకాలను విలువ కట్టడం కుదరదు. ఫ్రెంచి నౌకాధికారి పియేర్ లోతీ 1885లో కొన్ని వారాలు నాగసాకిలో ఉండి, అన్నాళ్ళకు కుదుర్చుకున్న పెళ్ళి గురించి 'మదాం క్రిసాంతెమ్' రాశాడు. అందులో ఆ అమ్మాయి ఒక అలంకారం. హెర్న్ లోతీని ఎంతో మెచ్చుకున్నవాడే. సెత్సు లేకపోతే ఆయనా అక్కడే ఆగిపోయేవాడని నాకు అనుమానం.

ఇక ఈ ప్రేమకు పట్టే పెద్ద జబ్బు ఒకటుంది. ప్రేమించిన చోటు మారకూడదనుకోవడం. ఇంగ్లీషు యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిజర్ 1946-48 మధ్య అరేబియా ఎడారిని ఒంటెల మీద దాటింది మిడతల పరిశోధన పేరు మీద. మిడతలు ఎక్కడ గుడ్లు పెడతాయో చూసి రావడం అతని ఉద్యోగం. ఆ సంగతి దాచలేదు, మిడతల పని తనకు ఎడారిలోకి దారి మాత్రమేనని చెప్పేశాడు. 1959లో వచ్చిన 'అరేబియన్ శాండ్స్'లో తనతో నడిచిన, ఎడారి సంచారులైన బెదూ కుర్రాళ్ళ ఔదార్యం గురించీ, ఆకలి, దాహాల గురించీ రాసినంత బాగా ఇంకెవరూ రాయలేదేమో. కానీ 1977లో తిరిగి వెళ్ళి, ఆ స్నేహితులు కార్లలో తిరుగుతుంటే చూసి అతని మనసు విరిగింది. నీళ్ళకోసం రోజుల తరబడి నడిచిన మనిషి కుళాయి తిప్పుకుంటే బాధపడే హక్కు అతిథికి లేదు. మన దేశపు గిరిజనుల మధ్య బతికిన వెరియర్ ఎల్విన్ కూడా 1939లో 'ది బైగా'లో బైగా గిరిజనులను బయటి తాకిడి నుంచి కాపాడేందుకు విడి ప్రాంతం ఉండాలన్నాడు, జాతీయవాదుల చేత తిట్లు తిన్నాడు. వడ్డీ వ్యాపారులను, అటవీ శాఖను దగ్గర నుంచి చూసినవాడి భయం అది. థెసిజర్ బెంగతో దాన్ని ఒకే గాటన కట్టలేం.

ఈ తేడా మనకు ఆదిలాబాద్ అడవుల్లో ఇంకా బాగా తెలుస్తుంది. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు బ్రిటిష్ ఇండియాలో శత్రుదేశపు పాస్‌పోర్టుతో చిక్కుకున్నాడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదన్న ఆంక్షతో చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల మధ్య తిరిగాడు. గోండుల తిరుగుబాటు నడిపిన కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోయాక, ఆ తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవాలనుకున్న నిజాం ప్రభుత్వానికి ఇతని చదువు అవసరమైంది. అంటే పని ప్రభుత్వానిది, జీతమూ అక్కడిదే. భార్య బెట్టితో మార్లవాయిలో గోండుల ఇళ్ళ మధ్యే కాపురం పెట్టాడు. గోండు పిల్లలకు గోండుల్నే పంతుళ్ళుగా తయారుచేసే కేంద్రం అక్కడ వెలిసింది, గోండీలో వాచకాలు తయారయ్యాయి, సాగులో ఉన్న భూములకు పట్టాలు వచ్చాయి.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఆయన తర్వాతి రోజుల పుస్తకం. దశాబ్దాల తర్వాత తిరిగి వచ్చి చూస్తే, తాను దగ్గరుండి ఇప్పించిన భూములు బయటి నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతున్నాయి. 1982లో 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా'లో ఆ నష్టాన్ని ఊరూరా లెక్కకట్టి రాశాడు. పాత నాట్యాలు, పాత డోళ్ళు పోయాయని అందులో వగచలేదు, ఏ ఊళ్ళో ఎవరి భూమి ఎలా పోయిందో రాశాడు. ఆ బయటివాళ్ళలో తెలుగువాళ్ళం మనమూ ఉన్నాం కనుక ఆ పుస్తకం మనం చదవడం మరీ అవసరం. బెట్టి 1987 జనవరి 11న హైదరాబాద్‌లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఏటా ఆ రోజున అక్కడ గోండులు వర్ధంతి జరుపుతారు. అలాగే మన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో తెలుగూ సవరా రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు, సవరల పిల్లలకు వాచకాలు రాశారు, బడులు నడిపారు, నిఘంటువు కూర్చారు. ఆ ప్రేమ ఒక్క వర్ణన కూడా అడగలేదు. గిడుగు పేరు వాడుక భాషా ఉద్యమంతో ముడిపడిపోయి ఈ సంగతి వెనకబడింది.

మార్పు గురించి నాకు తెలిసి అందరికన్నా సూటిగా ఆలోచించినవాడు వి.ఎస్. నైపాల్. ఆయనది ఎదురు ప్రయాణం. ట్రినిడాడ్‌కు కూలికి వెళ్ళిన భారతీయుల మనవడు ఇంగ్లండ్ పల్లెలో ఒక పాత దివాణం ఆవరణలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. 1987 నాటి 'ది ఎనిగ్మా ఆఫ్ అరైవల్'లో పొరుగున తోట పెంచుకునే జాక్ అనే మనిషిని చూసి, ఇతను ఈ నేలలో తరతరాలుగా పాతుకున్నవాడు అనుకుంటాడు. ఏళ్ళు గడిచాక తెలుస్తుంది, జాక్ కూడా శిథిలాల మధ్య ఎక్కడి నుంచో వచ్చి తోట వేసుకున్నవాడేనని. తాను శాశ్వతం అనుకున్నదంతా అంతకు ముందు దేన్నో చెరిపి వచ్చిందే. ఇంటి యజమాని కుటుంబపు సంపదకూ, తన పెద్దల కూలి బతుక్కూ ఒకే సామ్రాజ్యం మూలమని కూడా ఆయన అక్కడే గుర్తిస్తాడు. నైపాల్ ఇతర దేశాల మీద రాసిన కటువైన పుస్తకాలతో నాకు పేచీ ఉంది, ఈ పుస్తకంతో లేదు.

బయటివాడి చూపు ఒక్కోసారి ఊళ్ళోవాళ్ళ చూపే అయిపోతుంది. ఫ్రెంచి రచయిత గోతియే 1852లో ఇస్తాంబుల్ వెళ్ళి, మసీదులూ రాజభవనాలతో ఆగకుండా కోట గోడల వెంట కూలిన కొయ్య ఇళ్ళ పేటల్లో నడిచాడు, ఆ బీదతనంలో ఒక దిగులు అందం చూశాడు. తర్వాతి తరాల తుర్కీ రచయితలు యాహ్యా కెమాల్, తన్‌పినార్ అతని పేజీలు చదివి అవే పేటల్లో తిరిగి, తమ నగరపు రూపాన్ని అక్కడే వెతుక్కున్నారని ఓర్హాన్ పాముక్ 'ఇస్తాంబుల్'లో వివరంగా రాశాడు. ఇందులో సిగ్గుపడాల్సింది లేదని పాముక్ అభిప్రాయం. నాకూ అలాగే అనిపిస్తుంది, ఒక షరతుతో. పరాయి పేజీ తెలుగు ఊరి గురించైనా సరే, తీసుకునేవాడు తన కాళ్ళతో ఆ వీధి తిరిగి సరిచూసుకోవాలి.

ఏ అధికారమూ లేకుండా వెళ్ళిన బయటివాళ్ళ పుస్తకాలు తక్కువ, అందుకే సయ్యద్ ముజ్తబా అలీ 'దేశే బిదేశే' నాకు అపురూపం. సిల్హెట్‌లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివిన అలీ 1927లో కాబూల్‌కు పంతులుగా వెళ్ళాడు. అమానుల్లా రాజు పతనం కళ్ళారా చూశాడు. పుస్తకంలోని ప్రేమంతా పంజ్‌షీర్ నుంచి వచ్చిన భారీ మనిషి, అతని నౌకరు అబ్దుర్ రహ్మాన్ చుట్టూ అల్లుకుంది. ఒక్కడి కోసం ఆరుగురికి సరిపడా వండిపెట్టి, పంజ్‌షీర్ మంచు గురించి గంటలకొద్దీ చెప్పే మనిషి అతను. అలీ అతని మాటలు వినేవాడు. యజమాని అనే హోదా ఉన్నా, ఆ నగరంలో అలీ కూడా పరాయి పాలన కింది దేశస్థుడే. తిరుగుబాటులో చిక్కుకుని విమానంలో చోటుకోసం ఎదురుచూస్తే బ్రిటిష్ వాళ్ళ దృష్టిలో భారతీయుల వంతు ఆఖరున ఉంది. ఆ అవమానం అతన్ని కాబూల్ వీధి మనిషికి ఇంకాస్త దగ్గర చేసింది.

అలీ కన్నా కింది మెట్టు మీద, ఒంటి కష్టం ఒక్కటే పట్టుకుని వెళ్ళినవాళ్ళ మాటేమిటి? ఇక్కడ మన కథ వస్తుంది. బెంగాలీ నవలాకారుడు శరత్‌బాబు 1903 నుంచి 1916 దాకా రంగూన్‌లో ఆఫీసు గుమాస్తా. 'శ్రీకాంత్'లో, 'పథేర్ దాబీ'లో ఆ నగరం ఉంది, తెలుగువాళ్ళు ఆ పుస్తకాలను తమవిగా చదువుకున్నారు. అదే సమయంలో అదే నగరపు రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల జనం. కోరంగి రేవు పేరుతో వాళ్ళను కోరంగీలన్నారు. 1930 మే నెలలో రేవు సమ్మె దరిమిలా జరిగిన అల్లర్లలో వాళ్ళలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ సైన్యం వస్తే వేల మంది అడవులూ కొండలూ పడి నడిచొచ్చారు. తర్వాత వచ్చినవాళ్ళ పేరు మీద విశాఖలో బర్మా క్యాంపు నేటికీ ఉంది. రంగూన్‌ను రంగం చేసుకుని, 'రంగం వెళ్ళాడు' అన్న మాట ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో మిగిలింది కానీ, ఆ రంగాన్ని ప్రేమించిన కూలీ రాసిన పుస్తకం ఒక్కటి నాకు దొరకలేదు. ప్రేమించలేదని ఎలా అనగలం? ఇరవై ఏళ్ళు బతికిన ఊరు అది.

ఇప్పుడు గల్ఫ్ విషయంలోనూ అదే జరుగుతోంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయ్, మస్కట్ వెళ్ళిన మేస్త్రీలు, డ్రైవర్లు. కోనసీమ నుంచి, రాయచోటి నుంచి కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు. వాళ్ళ కన్నీళ్ళ మీద పాటలొచ్చాయి, కథలొచ్చాయి, రావలసినవే. కానీ సెలవుకు వచ్చినవాణ్ణి ఎంత సంపాదించావనే అడుగుతాం, ఆ ఊరెలా ఉంటుందని అడగం. తెల్లవారుజామున బస్సు కోసం నిలబడే చోట ఎండ ఎటునుంచి ఎక్కుతుందో, తాను పెంచిన అరబ్బీ పిల్ల ఏ మాటకు నవ్వుతుందో వాళ్ళకు తెలుసు. ఏం పని మీద వెళ్ళారన్న ప్రశ్నకు వాళ్ళ దగ్గర దాపరికమూ లేదు. రాయడం రాదంటే సెత్సులా చెప్తారు, ఫోన్ ఉంది. వారపత్రికలు, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఒక్కో జిల్లా పంచుకుని, వాళ్ళ పేర్లతోనే, వాళ్ళ మాటల్లోనే ఆ ఊళ్ళ గురించి రాయించే పని ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. రంగం తరంలో అలా అడిగి రాసుకోదగిన వాళ్ళు ఇప్పుడు బర్మా క్యాంపులో కూడా కొద్దిమందే మిగిలి ఉంటారు.